జీవరత్నమ్మ అప్పగించిన హాలు

టెక్కలిలో డిగ్రీ పిల్లలకు మేనేజ్‌మెంట్ సూత్రాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. సూత్రాలు పద్నాలుగు. పరీక్షలో ఏటా వాటి మీద ఒక ప్రశ్న వస్తుంది కనుక పిల్లలు బట్టీ పట్టి, రాసి, గేటు దాటగానే మరిచిపోతారు. నాకు ఆ వెసులుబాటు లేదు, వచ్చే జూన్‌లో మళ్లీ చెప్పాలి. వీటిని నిజంగా పాటించిన మనిషిని మీరు చూశారా సార్ అని ఒక పిల్ల నాలుగేళ్ల కిందట అడిగింది. సిలబస్‌లో లేనివి అడగొద్దని కసిరాను. చూడలేదని ఒప్పుకోవడానికి నామోషీ వేసింది.

తరవాత చూశాను. ఆమె పేరు జీవరత్నమ్మ. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పీలింగు హాలు నడిపేది. ఆమె కథలో కొంత ఆమే చెప్పింది, కొంత ఆమె భర్త చార్లెస్ చెప్పాడు, ఎక్కువ భాగం నా పాత విద్యార్థి క్రాంతికుమార్ చెప్పాడు. ముగ్గురి మాటలూ ఎక్కడా తేడా పడలేదు. కథలో ముగ్గురికీ ఎంతో కొంత పరువు నష్టం ఉంది కాబట్టి నిజమే అయి ఉంటుంది.

జీవరత్నమ్మ పుట్టింది సంతబొమ్మాళి దగ్గర, కూలి చేసుకునే ఇంట్లో. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. తాపీ పని చేసే చార్లెస్‌ను పెళ్లి చేసుకుని పలాస వచ్చింది. కూతురు స్తుతి బడికి వెళ్లే ఈడు వచ్చాక, ముప్పయ్యో ఏట, జీడిపప్పు ఒలిచే పనిలో చేరింది. ఆ ఊళ్లో ఆడవాళ్లకు అది మామూలు పని. బోర్మాలో, అంటే వేడి గదిలో, ఆరబెట్టిన పప్పు ట్రేలలో హాలుకు వస్తుంది. పీటల మీద కూర్చుని చిన్న కత్తితో, వేళ్లతో, పైనున్న ఎర్రపొర తీయాలి. పప్పు విరగకుండా వస్తే గుండు, రెండుగా చీలితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. గుండు ఎంత వస్తే హాలు అంత బాగా నడుస్తున్నట్టు. ఇంతకు మించి ఆ వ్యాపారం గురించి తెలియకపోయినా ఈ కథకు ఇబ్బంది లేదు.

హాల్లో అరవై మంది, వరసకు పదిమంది చొప్పున ఆరు వరసలు. చేరిన మూడో ఏడాదికి ఆమె పీట మీంచి లేచి వరసల మధ్య తిరగడం మొదలుపెట్టింది. ఎవరూ తిరగమనలేదు. అప్పట్లో ఉన్న మేస్త్రీ పని మానేసి సోంపేట వెళ్లిపోయాడు, ఇంకొకరిని పెడతానని యజమాని భాస్కరరావు అన్నారు, మరిచిపోయారు. ఆ మరుపు పద్ధెనిమిదేళ్లు సాగింది. హాజరు పుస్తకంలో మాత్రం ఆమె చివరి దాకా మామూలు పీలింగు కూలీయే.

ఆ తిరగడంలో ఏముందో బయటివాళ్లకు అర్థం కాదు. నాకూ మొదట కాలేదు. పడని తోడికోడళ్లిద్దరిని ఆమె విడదీయకుండా పక్కపక్కనే వేసింది. ఒకరి ట్రే ఒకరికి కనిపిస్తే ఇద్దరి చేతులూ ఆగవని ఆమె లెక్క. పాలిచ్చే తల్లి తలుపు దగ్గర కూర్చుంటుంది. చెయ్యి జోరుగా ఆడే మనిషి దగ్గర బద్ద ఎక్కువ పడుతుంది, అందుకని ఆమె పక్కన నిదానస్తురాలిని వేస్తుంది. ఆమెతో కబుర్లలో పడి జోరు తగ్గుతుంది. సముద్రం గాలి తిరిగిన రోజున పప్పు తొందరగా మెత్తబడుతుంది, ట్రేలు ఒక్కసారే తేవద్దని బోర్మా మనిషి అప్పన్నకు కబురు వెళ్తుంది.

భాస్కరరావు చెడ్డ మనిషి కాదు. భూములున్న కుటుంబం, నలుగురిలో మాట చెల్లుబాటవుతుంది. అందువల్ల ఆయనకు ఒక అలవాటు పట్టుకుంది. కారు దిగిన చోటు నుంచి ఆఫీసు గది దాకా నలభై అడుగులుంటే, ఆ నలభై అడుగుల్లో కనీసం ఐదుగురికి పని పురమాయిస్తారు. అప్పన్నతో ట్రేలు తొందరగా తియ్యమంటారు, ఇంకో రోజు ఎందుకు తీశావంటారు. జీవరత్నమ్మ దీనికి ఒక పద్ధతి పెట్టింది. బాబు ఏం చెప్పినా అలాగేనండి అనండి, చెయ్యబోయే ముందు నాకు చెప్పండి అంది. నేను క్లాసులో ఒక మనిషికి ఒకే అధికారి ఉండాలని చెప్పే సూత్రం ఇదే. నేను చెప్పడానికి పీరియడ్ అంతా పడుతుంది.

చిక్కు సర్టిఫికెట్టుతో వచ్చింది. విదేశాలకు పప్పు పంపాలంటే ఫ్యాక్టరీకి ఒక సర్టిఫికెట్టు కావాలన్నారు. దానికి విశాఖపట్నం నుంచి ఒక కన్సల్టెంటు వచ్చి, గోడకు తగిలించడానికి చార్టు గీశాడు. పైన యజమాని గడి, దాని కింద మూడు గడులు, వాటిలో ఒకటి పీలింగు హాలు సూపర్‌వైజరుది. ఆ గడిలో డిగ్రీ ఉన్న మనిషి పేరు ఉండాలన్నాడు.

జీవరత్నమ్మ పద్ధెనిమిదేళ్లలో మొదటిసారి యజమాని గదికి తన కోసం వెళ్లింది.

“అందులో నా పేరు ఎక్కడుంతాది బాబు?” అని అడిగింది.

“నీ పేరెందుకు జీవరత్నం? నువ్వెవరో అందరికీ తెలిసిందే గదా” అన్నారు భాస్కరరావు. మళ్లీ ఆయనే, “నీకు పదో తరగతైనా లేదు, నన్నేం చెయ్యమంటావు” అన్నారు.

ఆమె తిరిగొచ్చింది. ఆ గడిలో తన పేరు చూసుకోవాలని ఆమెకు ఉండేదని నాకు చెప్పింది. దాచుకోలేదు. “ఆశ పడ్డాను సారు. ఒక్కపాలి రాసుంటే సూసుకుందునని” అంది. పేరు పడకపోతే హాలు తన చేతిలోంచి పోతుందని ఆ రోజే తెలిసింది ఆమెకు. హాలు తప్ప ఆమెకు వేరే పేరు లేదు.

గడిలోకి క్రాంతికుమార్ వచ్చాడు. టెక్కలి కుర్రాడు, ఎంబీఏ, ఇరవై ఆరేళ్లు. నా క్లాసులో మొదటి బెంచీ. పద్నాలుగు సూత్రాలూ వరస తప్పకుండా అప్పజెప్పేవాడు, నేను వాడిని మిగతా పిల్లలకు ఆదర్శంగా చూపించేవాణ్ణి. హాలు చివర అతనికి ఒక టేబులు, కుర్చీ, తెల్లకోటు ఇచ్చారు. అతను బుద్ధిమంతుడే. మొదటిరోజే జీవరత్నమ్మకు నమస్కారం పెట్టి, “అమ్మా, మీరు ఎప్పటిలాగే చూసుకోండి” అన్నాడు. ఆమె, “అలాగే బాబూ” అంది. నెల్లాళ్లు అలాగే సాగింది. పేరు అతనిది, పని ఆమెది. దేశంలో సగం ఆఫీసులు ఇలాగే నడుస్తాయి కనుక ఎవరికీ తప్పనిపించలేదు.

ఆడిట్ తేదీ దగ్గరపడింది. చెన్నై నుంచి వచ్చే ఆడిటరు ఆడవాళ్లను విడివిడిగా పిలిచి, మీ సూపర్‌వైజరు ఎవరు, కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారు అని అడుగుతాడని కన్సల్టెంటు చెప్పాడు. అడిగితే అరవై మందీ ఎవరి పేరు చెబుతారో భాస్కరరావుకు బాగా తెలుసు. ఆయన జీవరత్నమ్మను పిలిచి, అందరికీ జవాబు నేర్పించమన్నారు. సర్టిఫికెట్టు రాకపోతే హాలే మూతపడుతుందన్నారు. అది బెదిరింపు కాదు, నిజమే.

జీవరత్నమ్మ బాప్టిస్టు చర్చిలో ఆదివారం బడి టీచరు. పిల్లలకు బైబిలు వాక్యాలు కంఠతా నేర్పడంలో ఆమెకు పెద్ద పేరు. వాక్యం చెప్పాలి, చివర అధ్యాయం, వచనం కూడా తప్పకుండా చెప్పాలి. జవాబు నేర్పమంటే ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మధ్యాహ్నం అన్నాలయ్యాక పది నిమిషాలు హాలంతా ఒకే రాగంలో అప్పజెప్పేది. “మా సూపర్‌వైజరు క్రాంతికుమార్ గారు. మాకు ఏ కష్టం వచ్చినా ఆయనకే చెప్పుకుంటాము. మూడో వరస, ఏడో పీట.” చివర ఎవరి వరస, ఎవరి పీట వాళ్లు చెప్పాలి, ఎందుకంటే ఆడిటరు నింపే ఫారంలో అది కూడా ఉందట. ఎవరి దేవుడు ఎవరైనా హాల్లో రాగం ఒకటే అయింది.

ఆడిటరు గురువారం వచ్చాడు. ఏడుగురిని పిలిచాడు. ఏడుగురూ చేతులు కట్టుకుని, గోడకేసి చూస్తూ, ఒక్క అక్షరం పోకుండా చెప్పారు. వసంత అనే ఆవిడ పుట్టి బుద్ధెరిగి చర్చి మెట్టెక్కలేదు. ఊపులో చివర ఆమేన్ కూడా అనేసింది. కన్సల్టెంటు దాన్ని ఇంగ్లీషులో ఇంకేదో చేసి చెప్పాడు. ఇంత స్పష్టంగా తమ అధికారి ఎవరో తెలిసిన కార్మికులను తాను చూడలేదని ఆడిటరు రాసిపెట్టి వెళ్లాడు. సర్టిఫికెట్టు వచ్చింది, భాస్కరరావు అందరికీ మిఠాయి పంచారు.

ఆ తరవాత వచ్చిన ఆదివారం నెలలో మొదటిది. చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది, అంటే మనసులో తప్పు పెట్టుకుని ముట్టకూడని రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. రొట్టె పళ్లెం వరస వెంట వస్తూ జీవరత్నమ్మ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె తీసుకోకుండా పక్కావిడకు అందించింది. మగవాళ్ల వైపు కూర్చున్న చార్లెస్ చూశాడు. బాప్తిస్మం తీసుకున్నాక ఆమె పళ్లెం వదిలెయ్యడం అదే మొదలు.

“ఏటే, పళ్లెం ఒగ్గీసినావు?” అని ఇంటికొచ్చాక అడిగాడు.

“అరవై మంది సేత అబద్దం ఆడించినాను. ఏ సేత్తో తీసుకోను?”

“కంపినీ కోసం సేసినావు గానీ, నీకోసం సేసినావేటి?”

“ఎవులి కోసమైతే ఏటి? అబద్దం అబద్దమే గదా” అని ఆమె గిన్నెలు కడుక్కుంటూ కూర్చుంది. సాయంత్రం చార్లెస్ దగ్గరికి వచ్చి, “ఎనక్కి తీసుకుంటే అందరి పనీ పోతాది. ముందుకెల్లి నిజం సేసీడమే ఉన్నాది” అంది. చార్లెస్‌కు అర్థం కాలేదు, ఊఁ అన్నాడు.

ఆమె స్థానంలో నేనుంటే ఆదివారం రొట్టె తిని, సోమవారం పనికి వెళ్లేవాణ్ణి. ఈ మాట రాస్తుంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

సోమవారం ఉదయం గంట కొట్టకముందే ఆమె హాలు మధ్యలో నిలబడింది.

“ఆడిటరు కాడ మనమేటి సెప్పినాం? కట్టమొస్తే క్రాంతికుమార్ గారికి సెప్పుకుంతామన్నాం. ఈ దినం నుంచి అదే నిజం. సెలవు కావాలన్నా, కత్తి మొండిదైనా, పక్కదాంతో తగువైనా సారుకే సెప్పండి. నన్నడగొద్దు” అంది. మూలనున్న తన పాత పీట నాలుగో వరస చివరకు లాక్కుని, కత్తి పట్టుకుని కూర్చుంది.

అతన్ని సారు అనడం కూడా ఆ రోజే మొదలు.

క్రాంతికుమార్ మొదటి గంటలో సంతోషించాడు. అధికారం వచ్చిందనుకున్నాడు. పదకొండయ్యేసరికి టేబులు ముందు పద్నాలుగు మంది వరసలో నిలబడ్డారు. ట్రే ఊగుతోందని ఒకరు. పక్కావిడ చుట్ట కంపు కొడుతోందని ఒకరు. పప్పు మరీ వేడిగా వచ్చిందని ఒకరు, అదే ట్రేలో పప్పు చల్లారిపోయిందని ఇంకొకరు. తోడికోడళ్లిద్దరూ ఒకేసారి వచ్చి ఒకరి మీద ఒకరు చెప్పారు. అతను న్యాయంగా ఆలోచించి ఇద్దరినీ చెరో మూల వేశాడు. ఎదుటివాళ్ల ట్రే కనిపించక ఇద్దరి చేతులూ నెమ్మదించాయి. బుధవారం గాలి తిరిగింది, అప్పన్నకు ఎవరూ కబురు పంపలేదు, పప్పు మెత్తబడింది, గుండు తగ్గి బద్ద పెరిగింది. భాస్కరరావు నడుస్తూ నడుస్తూ చెప్పిన పనులన్నీ ఇప్పుడు నిజంగా జరగడం మొదలైంది. ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

గురువారం క్రాంతి నాకు ఫోన్ చేశాడు.

“సార్, ఒక అధికారి కింద ఎంతమంది ఉండాలని చెప్పారు మీరు?”

“ఆరుగురు, మహా అయితే పది మంది” అన్నాను.

“ఇక్కడ అరవై మంది సార్.”

వరసకొక నాయకురాలిని పెట్టమని చెప్పాను. పుస్తకంలో అలాగే ఉంది. అతను శుక్రవారమే పెట్టాడు, హాజరు బాగున్నవాళ్లను చూసి. శనివారం ఆరుగురు నాయకురాళ్లూ టేబులు ముందుకొచ్చి నిలబడ్డారు, ఒక్కొక్కరి వెనక వాళ్ల వరసా నిలబడింది. నా ఇరవై రెండేళ్ల అనుభవం అలా అక్కరకొచ్చింది.

ఆ సాయంత్రం అతను జీవరత్నమ్మ పీట దగ్గరికి వెళ్లాడు. కళ్లలో నీళ్లు తిరిగాయని అతనే చెప్పాడు.

“అమ్మా, నా మీద కోపమా? నన్ను సాగనంపాలని చూస్తున్నారా?”

“నేదు సారు. మీ పేరన సెప్పినాం. మీది మీకిచ్చినాం. అంతే” అంది తల ఎత్తకుండా.

ఇక్కడ నాగమణి గురించి చెప్పాలి. సుమ్మాదేవి నుంచి ఉదయం రైలెక్కి వచ్చే మనిషి. ఆమె భర్తది ఉద్దానంలో చాలా ఇళ్లలో ఉన్న జబ్బే, కిడ్నీలు పోయాయి. మంగళవారం, శుక్రవారం అతన్ని డయాలసిస్‌కు తీసుకెళ్లాలి, మధ్యలో కళ్లు తిరిగి పడిపోతాడు కనుక పక్కన మనిషి ఉండాలి. ఆ రెండు రోజులూ ఆమె రాదు. ఆమె ట్రే చుట్టూ ఉన్న నలుగురికి జీవరత్నమ్మ పంచేది. మిగతా నాలుగు రోజుల్లో నాగమణి తన వంతు కన్నా కాస్త ఎక్కువే ఒలిచి వాళ్ల బరువు తీర్చేది. మూడేళ్లుగా ఇది నడుస్తోంది. ఎక్కడా రాసి లేదు. నాగమణి ఎవరినీ సెలవు అడగలేదు, అడగవలసిన అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

చార్టుతో పాటు కన్సల్టెంటు రాసిచ్చిన నిబంధనల్లో, చెప్పకుండా నాలుగు రోజులు మానితే పేరు తీసెయ్యాలని ఉంది. రెండు మంగళవారాలు, రెండు శుక్రవారాలు గడిచాయి. రెండో శనివారం ఉదయం నాగమణి వచ్చేసరికి ఆమె పీట మీద కొత్తమనిషి కూర్చుని ఉంది. క్రాంతి నిబంధన చూపించాడు. ఆమె మొగవాళ్లతో మాట్లాడే మనిషి కాదు. బయటికి వెళ్లి, మధ్యాహ్నం దాకా గేటు పక్కన కూర్చుంది. ఇంటికి వెళ్లే రైలు సాయంత్రం గానీ లేదు.

అన్నాల గంటకి జీవరత్నమ్మ ఆమెను చూసింది.

“ఇక్కడ కూకున్నావేటే?”

“పేరు తీసీనారు అక్కా. నువ్వు సెప్పుంతావనుకున్నాను.”

జీవరత్నమ్మ ఆ పూట అన్నం తినలేదు. డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది. అబద్ధం ఆడించిన పాపం కడుక్కోవడానికి తాను పట్టిన పంతం ఎవరి మీద పడిందో కళ్లెదుటే కనిపిస్తోంది.

ఆ సమయానికే భాస్కరరావు కారు వచ్చి ఆగింది. ఆయనతో ఒక్క మాట అంటే చాలు, నాగమణి పీట తిరిగొచ్చేది. పద్ధెనిమిదేళ్ల చనువు ఉంది. జీవరత్నమ్మ కారు వైపు రెండడుగులు వేసి ఆగిందట. అలా చేస్తే క్రాంతి మాట ఆ హాల్లో మళ్లీ ఎప్పటికీ చెల్లదు, తాను అరవై మంది చేత చెప్పించింది మళ్లీ అబద్ధమే అవుతుంది. ఆమె వెనక్కి తిరిగి క్రాంతి టేబులు ముందున్న వరసలో చివర నిలబడింది. ముందు పదకొండు మంది ఉన్నారు.

“ఏం జీవరత్నం, నువ్వు కూడా లైన్లో ఉన్నావు?” అన్నారు భాస్కరరావు దారిన పోతూ.

“సారుతో పనున్నాది బాబు” అంది.

ఆమె వంతు వచ్చేసరికి మూడయింది. క్రాంతి తలెత్తి చూసి లేచి నిలబడ్డాడు. ఆమె కూర్చోమంది.

“సారు, నాగమణి మంగలారం, సుక్కురారం రాదు. మొగుడికి డయాలసిస్. దాని ట్రే పక్కోలు నలుగురూ ఒలుత్తారు, అది మిగతా దినాల్లో తీర్సీత్తాది. దాని పీట తియ్యకండి.”

“నాకు ఆమె చెప్పలేదమ్మా. ఎవరూ చెప్పలేదు.”

“దానికి సెప్పాలని తెల్దు. సెప్పాల్సింది నాను. మీకు హాలిచ్చినాను గానీ హాల్లో ఏటున్నాదో సెప్పలేదు. తప్పు నాది. గర్వం కూడా ఉన్నాది సారు. నా పేరు రాయలేదు గదా, ఎలా నడుపుతారో సూద్దుం అనుకున్నాను. పైకి బక్తి అనుకున్నాను, లోపల అదున్నాది.”

ఈ మాట నాకు చెప్పేటప్పుడు క్రాంతి నా ముఖం వైపు చూడలేకపోయాడు. ఇంత సూటిగా తన తప్పు ఒప్పుకున్న మనిషిని అతను కాలేజీలో గానీ, ఇంట్లో గానీ చూసి ఉండడు. నా దగ్గరైతే కచ్చితంగా చూడలేదు.

అతను నాగమణి పేరు ఆ క్షణమే తిరిగి రాశాడు. ఎదురుగా ఉన్న వసంతను పంపి ఆమెను గేటు దగ్గరి నుంచి లోపలికి పిలిపించాడు. కొత్తమనిషికి ఆరో వరస చివర ఇంకో పీట వేయించాడు. తరవాత ఒక తెల్ల నోటుబుక్కు తీసి, “మిగతావాళ్ల సంగతి కూడా చెప్పండమ్మా” అన్నాడు.

గంట కొట్టి అందరూ వెళ్లిపోయాక ఆమె చెప్పింది. మొదటి వరస, మొదటి పీట నుంచి మొదలుపెట్టింది. ఫలానా ఆమెకు కుడికన్ను మసక, కిటికీ పక్కన వెయ్యాలి. ఫలానా ఆమె మొగుడు జీతం రోజున గేటు దగ్గర కాపు కాస్తాడు, ఆమెను వెనక దారిన పంపాలి. వసంతను పొగిడితే పాడవుతుంది, తిడితే ఏడుస్తుంది, ఊరికే పక్కన నిలబడితే చాలు. తోడికోడళ్లను మళ్లీ దగ్గర వెయ్యండి. గాలి తూర్పు తిరిగితే అప్పన్నకు చెప్పండి, అతనికి చెముడు, ఎదురుగా నిలబడి చెప్పాలి. బాబుగారు దారిలో ఏం చెప్పినా, విన్నవాళ్లను ముందు మీ దగ్గరికి రమ్మనండి. ఒకామె గురించి చెప్పడానికి పావుగంట పట్టింది, ఒకామె గురించి “అది మంచిది సారు, దానికేటీ అక్కర్నేదు” అని ఊరుకుంది.

క్రాంతి రాస్తూనే ఉన్నాడు. రాస్తూ రాస్తూ అతనికి ఒక సంగతి అర్థమైంది. ఇదంతా రాసుకున్నాక ఈ హాలుకు ఈమెతో పని ఉండదు. ఆమెకూ ఆ సంగతి తెలుసు. తెలిసే ఒక్కొక్క పేరూ చెబుతోంది. పద్ధెనిమిదేళ్లుగా పోగుచేసుకున్నది ఒక్క సాయంత్రంలో అతని పుస్తకంలోకి పోతోంది. మధ్యలో ఒకసారి, “చాలమ్మా, మిగతావి రేపు” అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మర్నాడు మనసు మారవచ్చునంది.

ఆరో వరస పదో పీటతో అరవై అయ్యాయి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. క్రాంతి పేజీ తిప్పి, అరవై ఒకటి అని అంకె వేశాడు.

“మీ గురించి ఏం రాయాలమ్మా?”

జీవరత్నమ్మకు వెంటనే అర్థం కాలేదు. ఆ ప్రశ్న ఆ హాల్లో ఆమెను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. యజమాని అడగలేదు, కష్టాలు చెప్పుకున్న అరవై మందిలో ఒక్కరూ అడగలేదు. నా గురించేటుంది సారు అంది. అతను కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆమె నేల చూసింది, ఖాళీ పీటల వైపు చూసింది. చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టు గొంతు తగ్గించింది.

“మోకాల్లు పోయినాయి సారు. ఏడేల్లయినాది. పీట మీద కూకుంటే లెగలేను. ఈ పన్నెండు దినాలూ అందరూ ఎల్లినాక, గోడ పట్టుకుని లెగిసి ఎల్తన్నాను.”

క్రాంతి అది కూడా రాసుకున్నాడు. రాసి, పుస్తకం మూసి, టేబులు ఇవతలికి వచ్చి తన కుర్చీ ఆమె దగ్గరికి లాగాడు. ఆమె కాస్సేపు వద్దంది. తరవాత కూర్చుని, కాళ్లు చాపుకుని, ఏడ్చింది.